శనివారం, ఆదివారం కూడా అదే రేటా? సూపర్‌మార్కెట్ క్యాజువల్ జీతం లెక్క

ప్రశ్న: మాది నరసరావుపేట. వయసు 23. మెల్‌బోర్న్‌లో మాస్టర్స్ చదువుతూ, ఒక స్థానిక యజమాని నడిపే సూపర్‌మార్కెట్‌లో నాలుగు నెలలుగా క్యాజువల్‌గా, అంటే స్థిరమైన గంటల హామీ లేకుండా, పనిచేస్తున్నాను. గంటకు 33.19 డాలర్లు ఇస్తున్నారు. గత వారం మంగళవారం సాయంత్రం 5 నుంచి 9 వరకు 4 గంటలు, భోజన విరామం పోను శనివారం 8 గంటలు, ఆదివారం 5 గంటలు చేశాను. మొత్తం 17 గంటలకు పన్నుకు ముందు 564.23 డాలర్లు వచ్చింది. లెక్క సరిపోయింది కాబట్టి జీతంతో నాకు ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా గంటలతోనే. ఒక వారం 24 గంటలు ఇస్తే మరో వారం 8 గంటలే ఇస్తారు. కావాలంటే అదనపు గంటలకు 20 డాలర్ల చొప్పున చేతికి క్యాష్ ఇస్తానని మేనేజరు అంటున్నారు. ఇంటి దగ్గర నాన్నగారు, నేను కలిసి తీసుకున్న 30 లక్షల విద్యా రుణంపై 10.5 శాతం వడ్డీ పెరుగుతోంది. ఆ అదనపు గంటలు ఒప్పుకుని నెలనెలా వడ్డీ కట్టడం మంచిదేనా?

జవాబు: మీరు ఇబ్బంది లేదన్న చోటే అసలు ఇబ్బంది ఉంది. 17ను 33.19తో గుణిస్తే మీకు వచ్చిన మొత్తం సెంటు తేడా లేకుండా సరిపోతోంది. అనుమానించవలసింది సరిగ్గా అందుకే, ఎందుకంటే మీరు చేసిన 17 గంటల్లో ఆ రేటు వర్తించేది ఒకే ఒక్క గంటకు.

ఆస్ట్రేలియాలో దుకాణాల సిబ్బందికి కనీస వేతనాలను, పని షరతులను నిర్ణయించేది జనరల్ రిటైల్ ఇండస్ట్రీ అవార్డ్ 2020 అనే చట్టబద్ధమైన నిబంధనల పత్రం. కోల్స్, వూల్‌వర్త్స్ వంటి పెద్ద సూపర్‌మార్కెట్ సంస్థలకు సిబ్బందితో చేసుకున్న సొంత ఎంటర్‌ప్రైజ్ ఒప్పందాలు ఉంటాయి. అందులోని షరతులు అవార్డుకు కొంత భిన్నంగా ఉండవచ్చు గానీ, మొత్తం మీద ఉద్యోగికి అవార్డు కంటే మెరుగ్గా ఉన్నాయని తేలితేనే ఫెయిర్ వర్క్ కమిషన్ వాటిని ఆమోదిస్తుంది. మీ దుకాణానికి అలాంటి ఒప్పందం ఏదైనా ఉందేమో కమిషన్ వెబ్‌సైటులో యజమాని సంస్థ పేరుతో వెతికి చూడండి. లేకపోతే మీకు అవార్డే వర్తిస్తుంది. దాని ప్రకారం 2025 జూలై 1 నుంచి మొదటి స్థాయి ఉద్యోగికి గంటకు మూల వేతనం 26.55 డాలర్లు. క్యాజువల్‌కు దానిపై 25 శాతం లోడింగ్ (అదనపు చెల్లింపు) కలిపితే 33.19 అవుతుంది. మీ యజమాని ఇక్కడి వరకు సరిగ్గానే వచ్చి ఆగిపోయారు.

ఆ తర్వాత లెక్కలోకి రావలసింది పని చేసిన రోజు, వేళ. సోమవారం నుంచి శుక్రవారం వరకు సాయంత్రం 6 దాటాక చేసిన గంటలకు, శనివారం చేసిన గంటలకు క్యాజువల్ ఉద్యోగికి మూల వేతనంలో 150 శాతం ఇవ్వాలి. ఆదివారం 175 శాతం, పబ్లిక్ హాలిడే నాడు 250 శాతం. ఈ శాతాల్లో లోడింగ్ కలిసే ఉంది కాబట్టి 33.19 మీద మళ్లీ 150 శాతం వేసుకోకూడదు. ఈ పొరపాటుతో యజమానికి ఉత్తరం రాస్తే న్యాయమైన మీ వాదన కూడా తేలిపోతుంది. ఇప్పుడు మీ వారాన్ని చూద్దాం. మంగళవారం 5 నుంచి 6 వరకు ఒక గంటకు 33.19, తర్వాతి మూడు గంటలకు 39.83 చొప్పున 119.49, కలిపి 152.68 డాలర్లు. శనివారం ఎనిమిది గంటలకు అదే 39.83 చొప్పున 318.64. ఆదివారం ఐదు గంటలకు 46.46 చొప్పున 232.30. మొత్తం 703.62 డాలర్లు రావాలి. మీకు వచ్చినది 564.23. అంటే ఒక్క వారంలోనే 139.39 డాలర్లు తక్కువ వచ్చాయి.

మీ పే స్లిప్పు ఒకసారి తీసి చూడండి. జీతం ఇచ్చిన ఒక పనిదినంలోపు దాన్ని మీకు అందించడం యజమాని చట్టబద్ధమైన బాధ్యత. అందులో మామూలు గంటలు, సాయంత్రం గంటలు, శనివారం, ఆదివారం అని విడివిడి వరుసలు, ఒక్కొక్కదానికి గంటల సంఖ్య, రేటు కనిపించాలి. '17 గంటలు, 33.19' అని ఒకే వరుస ఉంటే ఆ కాగితమే మీకు సాక్ష్యం. దాన్ని జాగ్రత్త చేయండి. రోస్టర్ (షిఫ్టుల పట్టిక) ఫొటోలు, మీరు వచ్చిన వేళ, వెళ్లిన వేళ కూడా రాసిపెట్టుకోండి. జీతాల ఫిర్యాదులు చూసే ప్రభుత్వ సంస్థ ఫెయిర్ వర్క్ అంబుడ్స్‌మన్ వారి రికార్డ్ మై అవర్స్ యాప్ ఇందుకు బాగా పనికివస్తుంది. ఒక చిన్న హెచ్చరిక కూడా అవసరం. వాట్సాప్ గ్రూపుల్లో స్నేహితులు చెప్పే రేట్లతో మీ జీతాన్ని పోల్చుకోకండి. అవార్డులో 18 ఏళ్ల వారికి పెద్దల రేటులో 70 శాతం, 19 ఏళ్ల వారికి 80 శాతమే వర్తిస్తాయి, పెద్ద సంస్థల్లో పనిచేసేవారి రేట్లు వారి ఒప్పందాన్ని బట్టి ఉంటాయి. వారి లెక్క మీకు సరిపోదు, మీ లెక్క వారికి సరిపోదు.

మరికొన్ని షరతులు మీ ప్రశ్నలో లేకపోయినా తెలిసి ఉండటం మంచిది. పిలిచిన షిఫ్టుకు వెళ్లాక గంటకే రద్దీ లేదని ఇంటికి పంపినా మూడు గంటల జీతం ఇవ్వాలి. నాలుగు గంటలకు తగ్గని షిఫ్టులో పది నిమిషాల విరామం జీతంతో సహా ఉంటుంది. భోజన విరామానికి మాత్రం జీతం ఉండదు. శిక్షణ పేరుతో చేయించుకున్న పనికి కూడా జీతం ఇవ్వాలి.

బకాయిని ఎలా అడగాలన్నది తర్వాతి మాట. మొదటి ఉత్తరంలో ఆరోపణలు వద్దు. 'అవార్డు ప్రకారం శని, ఆదివారాలకు, సాయంత్రాలకు వేరే రేట్లు ఉన్నట్టు గమనించాను, నేను చేరిన నాటి నుంచి నా జీతాన్ని ఒకసారి సరిచూడగలరా' అని వారం వారం లెక్క జతచేసి ఈమెయిల్ పంపండి. చాలా చిన్న దుకాణాల్లో దురుద్దేశం కంటే నిర్లక్ష్యమే ఎక్కువ. ఆ మాటకొస్తే 2019లో వూల్‌వర్త్స్ అంతటి సంస్థ కూడా నెలజీతంపై పనిచేసే తన వేలాది ఉద్యోగులకు తక్కువ చెల్లించినట్టు స్వయంగా ప్రకటించింది. సమాధానం రాకపోయినా, ఇష్టం లేకపోతే మానేయమన్నా ఫెయిర్ వర్క్ అంబుడ్స్‌మన్‌ను 13 13 94 నంబరులో సంప్రదించండి. సేవ ఉచితం. ఇంగ్లిష్‌లో మాట్లాడటం ఇబ్బందైతే 131 450కు ఫోన్ చేసి దుబాసీని అడగవచ్చు. ఆరేళ్ల వెనకటి బకాయి వరకు అడిగే హక్కు ఉంది కాబట్టి తొందరపడి ఈ వారమే తగవు పెట్టుకోనవసరం లేదు, పరీక్షలయ్యాక అడిగినా చెల్లుతుంది. 2025 జనవరి 1 నుంచి ఉద్దేశపూర్వకంగా తక్కువ జీతం ఇవ్వడం క్రిమినల్ నేరం కూడా అయింది. మన విద్యార్థులను ఎక్కువగా వెనక్కి లాగే భయం వీసా గురించి. స్టూడెంట్ వీసాపై ఉన్నా స్థానికులకు ఉన్న జీతం హక్కులే మీకూ ఉన్నాయి, జీతం అడిగారని వీసా రద్దు చేసే అధికారం ఏ యజమానికీ లేదు.

వీసాకు నిజంగా చేటు చేయగలిగినది మీరు ఒప్పుకోవాలని చూస్తున్న ఆ క్యాష్ గంటలే. చదువు సాగుతున్న రోజుల్లో రెండు వారాలకు 48 గంటలకు మించి పనిచేయకూడదన్నది 2023 జూలై 1 నుంచి అమలులో ఉన్న నియమం. ఇందులో చాలామంది తప్పు లెక్క వేసే చోటు ఒకటుంది. రెండు వారాలంటే జీతం వచ్చే రెండు వారాలు కావు, ఏ సోమవారం మొదలుపెట్టి లెక్కించినా వచ్చే 14 రోజులు. ఒక వారం 18 గంటలు, తర్వాతి వారం 30, ఆ తర్వాతి వారం 20 చేశారనుకోండి. మొదటి రెండు వారాలు కలిపితే సరిగ్గా 48, ఇబ్బంది లేదు. రెండో వారం, మూడో వారం కలిపితే 50. నియమం తప్పినట్టే. అన్ని చోట్ల చేసే పని, ఏబీఎన్ (సొంత వ్యాపార నంబరు) మీద చేసే డెలివరీలు, చేతికి డబ్బు తీసుకున్న గంటలు, అన్నీ ఆ 48లోకే వస్తాయి. పే స్లిప్పులో కనిపించనంత మాత్రాన అవి చేయని గంటలు కావు. డబ్బు లెక్కలో చూసినా అది నష్టమే. మామూలు రోజు మామూలు వేళలో కూడా గంటకు 33.19 రావలసిన చోట 20 తీసుకుంటున్నారు, పైగా ఆ గంటలకు సూపర్ (యజమాని మీ పేరిట కట్టే పదవీ విరమణ నిధి) ఉండదు. చేతికి క్యాష్ ఇవ్వడమే నేరం కాదు, పే స్లిప్పు ఇచ్చి, పన్ను మినహాయించి, పూర్తి రేటు ఇస్తే సరే. మీ మేనేజరు చెబుతున్నది అది కాదు. కాబట్టి వద్దనే నా సలహా.

ఇక గంటలు ఎక్కువ తక్కువలు కావడం గురించి. క్యాజువల్‌కు జీతంతో కూడిన వార్షిక సెలవు, సిక్ లీవు లేవు, వచ్చే వారం పని ఉంటుందన్న హామీ లేదు. వీటికి బదులుగా ఇచ్చేదే ఆ 25 శాతం, గంటకు 6.64 డాలర్లు. 17 గంటల వారంలో అది 112.88. దాన్ని జీతం పెరిగినట్టు భావించి ఖర్చు చేసేవారు జ్వరం వచ్చిన వారం, పరీక్షల వారం అప్పు చేస్తారు. మీ పరిస్థితిలో దాన్నంతా పక్కన పెట్టడం సాధ్యం కాదు గానీ సగమైనా వేరే సేవింగ్స్ ఖాతాలోకి అదే రోజు మళ్లించండి, నాలుగు వారాల అద్దె పోగయ్యే వరకు దాన్ని తాకకండి. అద్దె, సరుకులు, ప్రయాణం వంటి తప్పని ఖర్చులను 24 గంటల వారాన్ని కాక, మీకు తరచుగా వచ్చే తక్కువ గంటల వారాన్ని చూసి నిర్ణయించుకోండి. క్రిస్మస్‌కు ముందు దుకాణాల్లో గంటలు పెరిగి ఆ తర్వాత తగ్గుతాయి, డిసెంబరు జీతాన్ని చూసి కొత్త గదికి మారడం ప్రమాదం. ఆరు నెలలు నిండాక, పదిహేను మంది కంటే తక్కువ సిబ్బంది ఉన్న దుకాణమైతే పన్నెండు నెలలు నిండాక, శాశ్వత ఉద్యోగిగా మార్చమని అడిగే హక్కు వస్తుంది. సెలవులు వస్తాయి గానీ లోడింగ్ పోతుంది. సెమిస్టర్‌ను బట్టి గంటలు మార్చుకోవలసిన మీకు ప్రస్తుతానికి క్యాజువల్‌గా ఉండటమే నయమని నా అభిప్రాయం.

పన్ను విషయం క్లుప్తంగా చెబుతాను. యజమానికి టీఎఫ్‌ఎన్ (మీ పన్ను నంబరు) ఇచ్చారో లేదో చూసుకోండి. ఇవ్వకపోతే రెసిడెంట్లకు 47 శాతం వరకు పట్టుకుంటారు. ఆరు నెలలకు మించిన కోర్సు చదివేవారిని పన్ను లెక్కలో సాధారణంగా రెసిడెంటుగానే చూస్తారు కాబట్టి 18,200 డాలర్ల వరకు పన్ను లేదు, ఆ పైన 45,000 వరకు 2025-26లో 16 శాతం. రెండో ఉద్యోగం చేస్తే ఆ మినహాయింపును ఒక్క యజమాని దగ్గరే అడగాలి. మెడికేర్ (ప్రభుత్వ ఆరోగ్య పథకం) అర్హత లేదని ధ్రువీకరించే పత్రం తీసుకుంటే 2 శాతం మెడికేర్ లెవీ కూడా తప్పుతుంది. సూపర్ 12 శాతం. అది మీ జీతంలోంచి తీసేది కాదు, యజమాని అదనంగా కట్టవలసినది. గత వారపు సరైన జీతంపై 84.43 డాలర్లు పడాలి, తక్కువ జీతంపై కట్టి ఉంటే అందులోనూ దాదాపు 17 డాలర్లు తగ్గినట్టే. దేశం విడిచి, వీసా ముగిశాక దాన్ని తిరిగి తీసుకోవచ్చు, అయితే అందులో చాలా వరకు 35 శాతం పన్ను పోతుంది. అందువల్ల రుణం తీర్చే లెక్కలో సూపర్‌ను నమ్ముకోవద్దు.

చివరగా మీరు అడిగిన వడ్డీ. 30 లక్షలపై 10.5 శాతం అంటే నెలకు 26,250 రూపాయలు. డాలరుకు 55 రూపాయల చొప్పున తక్కువగా లెక్కవేసుకున్నా దాదాపు 477 డాలర్లు, మేనేజరు చెప్పిన 20 డాలర్ల రేటుకు నెలకు ఇంచుమించు 24 గంటల పని. మీకు వారానికి తగ్గిన 139.39 డాలర్లు, అన్ని వారాలూ ఇలాగే ఉంటే, నెలకు సుమారు 604. అందులో 16 శాతం పన్ను పోయినా 507 మిగులుతుంది. అంటే కొత్తగా ఒక్క గంట కూడా చేయకుండానే వడ్డీ కట్టేంత డబ్బు మీకు రావలసి ఉంది. మారటోరియం కాలంలో, అంటే వాయిదాలు మొదలవకముందు, మన బ్యాంకులు చాలా వరకు సాధారణ వడ్డీ వేసి, అది ముగిశాక అసలుకు కలుపుతాయి. ముందే కట్టుకుంటూ వస్తే ఆ కలిపే మొత్తం తగ్గి ఈఎంఐ తగ్గుతుంది, కొన్ని బ్యాంకులు వడ్డీ రేటులో కొంత రాయితీ కూడా ఇస్తాయి, నాన్నగారిని మీ శాఖలో అడిగి చూడమనండి. అయితే నెలకు ఇంత కడతానని ఆయనకు ఇప్పుడే మాట ఇవ్వకండి. బకాయి చేతికి వచ్చాక ముందు ఆ నాలుగు వారాల అద్దె నిండేలా చూసుకుని, మిగిలినది ఒకేసారి రుణ ఖాతాలో వడ్డీ కింద జమచేయించండి. సరైన రేటుతో మూడు నెలల జీతాలు వచ్చాక, అప్పటి మీ సగటు గంటలు చూసి నెలవారీ మొత్తం నిర్ణయించుకోండి.