మూడు నెలలకే ఆపేయకు తల్లీ

వింజమూరు,
నెల్లూరు జిల్లా.

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. మొన్న ఫోనులో నువ్వు అన్న మాట రెండు రోజులుగా నా మనసులో నుంచి పోవడం లేదు. "మూడు నెలలు డబ్బాలో వేశాం పెద్దమ్మా, తీసి చూస్తే 5,800 ఉన్నాయి. ఈ లెక్కన కొట్టు అడ్వాన్సు రెండు లక్షలు ఎప్పటికి కూడేను? అందుకే ఆపేశాను" అన్నావు. పక్కన మనవడు ఏడుస్తుంటే ఆ పూట నీకు సరిగ్గా చెప్పలేకపోయాను. ఈ ఉత్తరం తీరిగ్గా చదువు, అల్లుడికి కూడా వినిపించు.

1992లో మన జిల్లా దూబగుంటలో రోశమ్మ, ఆమెతోపాటు ఊరి ఆడవాళ్ళు సారా మీద తిరగబడిన సంగతి మీ అమ్మ చెప్పే ఉంటుంది. మరుసటి ఏడాది అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ ఊపులోనే మన జిల్లాలో పొదుపు లక్ష్మి సంఘాలు పుట్టాయి. రోజుకు ఒక్క రూపాయి, అంతే. మా సంఘంలో పదిహేను మందిమి. మనిషికి నెలకు 30 చొప్పున 450 రూపాయలు. నాకు నాలుగు అక్షరాలు వచ్చు కాబట్టి లెక్కల పుస్తకం నా చేతికి ఇచ్చారు.

మొదటి ఏడాది ఒక సాయంత్రం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంటుంది. రామాలయం అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. కూలికి వెళ్ళే ఒకామె వచ్చి చీరకొంగు ముడి విప్పింది. పసుపు అంటిన పావలాలు, అర్ధరూపాయలు. లెక్కపెడితే ఇరవై ఎనిమిదిన్నర వచ్చింది. మిగిలింది వచ్చే నెల ఇస్తానంటే నేను రాసుకునేదాన్నే. ఆమె ఆ మాట అనలేదు. లేచి ఇంటికి వెళ్ళి, రెండు కోడిగుడ్లు పొరుగింట్లో అమ్మి, రూపాయిన్నర తెచ్చి నా ముందు పెట్టింది. ఏడాది తిరిగేసరికి సంఘం పెట్టెలో 5,400 చేరాయి. రెండో ఏట ఆమె సంఘంలో అప్పు తీసుకుని, ఏనాటి నుంచో తాకట్టులో ఉన్న కమ్మలు విడిపించుకుని, అవి పెట్టుకుని అదే అరుగు మీదికి వచ్చింది.

ఇప్పుడు నీ డబ్బా సంగతి చూద్దాం. రోజుకు వంద వేయాలనుకున్నారు. నెలకు 26 రోజులు ఇడ్లీ బండి పెడితే మూడు నెలలకు 7,800 ఉండాలి. తగ్గిన రెండు వేలు ఎటు పోయాయో నాకు తెలుసమ్మా. "ఈ రోజు బేరం తక్కువ, రేపు రెండు వందలు వేద్దాం" అనుకున్న రోజులు తినేశాయి. వంద మీకు బరువైంది. అందుకని ఎనభై పెట్టుకో. ఇడ్లీలు మిగిలిపోయిన రోజున కూడా వేయగలిగినంతే పెట్టుకో, పెట్టుకున్నాక మాత్రం ఒక్క రోజు కూడా తప్పకు.

వేసే వేళ కూడా ముఖ్యం. బండి కట్టేశాక గల్లా తీయగానే మొదటి ఎనభై డబ్బాలోకి పోవాలి. రేపటికి మినప్పప్పు, నూనె కొన్నాక మిగిలితే వేద్దామంటే ఎన్నటికీ మిగలదు. ఇప్పుడు సగం మంది ఫోనులోనే డబ్బు కొడుతున్నారు కదా, అది కంటికి కనబడదు, ఎటు పోయేదీ తెలియదు. రోజూ అది కూడా చూసుకుని పుస్తకంలో రాయి.

ఇక అసలు విషయం, నాకు నిద్ర పట్టనివ్వనిది. బండి కొనడానికి తెచ్చిన నలభై వేలు నూటికి మూడు రూపాయల వడ్డీకి ఉన్నాయన్నావు. నెలకు 1,200, ఏడాదికి 14,400. అదే నలభై వేలు పోస్టాఫీసులో వేసుకుంటే ఏడాదికి వడ్డీ మూడు వేలకు అటూ ఇటుగానే వస్తుంది. ఆ అప్పు నెత్తిన ఉండగా ఇంకోచోట దాచుకోవడంలో అర్థం లేదు. ముందు అది తీరాలి. అసలును విడతలుగా తీసుకోమని అప్పిచ్చినాయనతో మాట్లాడండి. అసలుకు 5,000 కట్టిన ప్రతిసారీ నెల వడ్డీలో 150 తగ్గుతుంది. కట్టిన వెంటనే నోటు వెనుక చెల్లు రాయించి, తేదీ వేయించి, సంతకం చేయించుకోండి. ఎంత మంచివాడైనా సరే, మొహమాటపడకండి.

రోజుకు ఎనభై చొప్పున కూడే రెండు వేలు నెలనెలా అసలుకు కడుతూ, తగ్గిన వడ్డీ కూడా అందులోనే కలుపుతూ పోతే ఏడాదిన్నరలోపే అప్పు తీరుతుంది. అప్పుడు ఆ రెండు వేలకు ఇన్నాళ్ళూ వడ్డీకి పోయిన 1,200 కలిపి, నెలకు 3,200 పోస్టాఫీసులో ఆర్‌డీ కట్టు. నెలనెలా ఇంతని కట్టే ఐదేళ్ళ ఖాతా అది. 2024లో 6.7 శాతం వడ్డీ ఇచ్చారు. ఆ లెక్కన ఐదేళ్ళకు దాదాపు 2,28,000 చేతికి వస్తాయి. ఖాతా తెరిచిన రోజున ఉన్న వడ్డీయే చివరిదాకా ఉంటుంది. ఒక నెల తప్పితే నూటికి రూపాయి చొప్పున అపరాధం కట్టాలి. మొత్తం ఆరున్నర ఏళ్ళు. ఎక్కువే, కాదనను. అయితే నీ పెళ్ళయి ఏడేళ్ళయింది, ఎట్లా గడిచాయో చూడు. బేరం పెరిగితే ఇంకా ముందే కొట్టు తీసుకుంటారు.

ఒంగోలులో నవంబరు, డిసెంబరు నెలల వానలు మరచిపోకు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు బండి రోడ్డెక్కలేదని నువ్వే చెప్పావు. పండుగలకు, ఆదివారాలకు వచ్చే ఎక్కువ బేరంలో కొంత ఆ రోజుల కోసం వేరే డబ్బాలో వెయ్యి. పెద్ద డబ్బాను ముట్టుకోవద్దు.

చీటీ వేద్దామా అని కూడా అడిగావు. నేను ఒకసారి నెలకు 500 చొప్పున పద్దెనిమిది నెలలు కట్టాను. రిజిస్టరు చేయని చీటీ, చేతిలో రసీదు లేదు. నడిపినవాళ్ళు రాత్రికి రాత్రే ఊరు విడిచారు. తొమ్మిది వేలు పోయినందుకు ఏడ్చాను. ఆ కోపంలో ఏడాది పాటు సంఘానికి కట్టేది తప్ప ఇంట్లో ఒక్క రూపాయి కూడా దాచలేదు. ఆ ఏడాది తలచుకుంటే ఈనాటికీ బాధ వేస్తుంది.

ఆపేశానన్న డబ్బాలో 5,800 ఉన్నాయి కదా. ఈసారి అల్లుడు వడ్డీ కట్టడానికి వెళ్ళేటప్పుడు 5,000 అసలుకు పట్టుకెళ్ళమను. వచ్చే నెల వడ్డీ 1,050 అవుతుంది. మిగిలిన ఎనిమిది వందలు వానల డబ్బాలో వెయ్యి. చెల్లు రాసిన నోటు ఫోటో తీసి, అంకెలు స్పష్టంగా కనబడేటట్టు నాకు పంపించమను. కళ్ళజోడు పెట్టుకుని చూస్తాను.

అల్లుడికి, పిల్లలకు నా ఆశీస్సులు.

ఇట్లు,
నీ పెద్దమ్మ