‘మత్తు జెల్’ అనవచ్చా?

ప్రశ్న: మా అత్తగారికి పన్ను పీకించడానికి శ్రీకాకుళంలో డాక్టరు గారి దగ్గరకు తీసుకెళ్లాం. ‘ముందు మత్తు జెల్ రాస్తాను, తర్వాత సూది’ అన్నారాయన. ‘మత్తు వద్దు బాబూ, నాకు బీపీ ఉంది’ అంటూ ఆవిడ కుర్చీలోంచి లేచిపోయారు. దీన్ని మత్తు అనవచ్చా? తిమ్మిరి అనాలా? లేక ‘స్పర్శనాశక లేపనం’ లాంటి మాట ఏదైనా వాడాలా?

జవాబు: మీ అత్తగారు ఆ మాటను సరిగ్గానే అర్థం చేసుకున్నారు. తెలుగులో మత్తు ఎక్కేది మనిషికి, అవయవానికి కాదు. ‘నాకు మత్తుగా ఉంది’ అంటాం గాని ‘నా చెయ్యి మత్తుగా ఉంది’ అనం. కళ్లు మత్తుగా ఉన్నాయన్నా నిద్ర ముంచుకొస్తున్నది మనిషికే. కల్లు తాగినా మత్తే, నిద్రమాత్ర వేసుకున్నా మత్తే, పోలీసులు పట్టుకున్నారని పేపర్లో వచ్చేవీ మత్తుమందులే. చిగురుకు రాసే జెల్‌ను కూడా వీటిలో కలిపేస్తే పెద్దావిడకు టెన్షన్ రాదా?

నిజానికి ఆ జెల్ చేసే పని చిన్నది. అందులో సాధారణంగా లిగ్నోకెయిన్ గాని బెంజోకెయిన్ గాని, అంటే నొప్పి తెలియనివ్వని మందు ఉంటుంది. చిగురు తడి తుడిచి, జెల్ పెట్టి ఒకటి రెండు నిమిషాలు ఆగితే, పైపైన రెండు మూడు మిల్లీమీటర్ల మేర నొప్పి తెలియదు. సూది గుచ్చేటప్పుడు చురుక్కుమనకుండా ఉండటానికే అది. పన్ను పీకడానికి అది చాలదు కాబట్టే తర్వాత ఇంజెక్షన్ ఇస్తారు. రెండింటిలో దేనితోనూ స్పృహ పోదు. ఇంజెక్షన్‌లో చాలాసార్లు బీపీని పెంచగల అడ్రినలిన్ కూడా కలిపి ఉంటుంది కాబట్టి బీపీ సంగతి ముందే చెప్పి ఆవిడ మంచి పని చేశారు.

మనం మత్తు అంటున్న ‘అనస్థీషియా’ అనే గ్రీకు మాటకు అర్థం అనుభూతి లేకపోవడం. 1846లో అమెరికన్ డాక్టరు ఆలివర్ వెండెల్ హోమ్స్ దాన్ని సూచించింది ఈథర్ పీల్చిన రోగి స్థితికి. ఈథర్ మొత్తం మనిషినే పడుకోబెట్టేది. దానికి మత్తు అన్న మాట చక్కగా సరిపోతుంది. ఒక్క చోటునే మొద్దుబార్చే పద్ధతి 1884లో వచ్చింది, వియన్నా డాక్టరు కార్ల్ కోలర్ కంటికి కొకెయిన్ వాడి చూపించాక. లిగ్నోకెయిన్ 1943 నాటిది. పద్ధతి వేరైనా మనం అదే ‘మత్తు’ మాటను దీనికీ తగిలించాం.

తిమ్మిరి కొంత నయం, అది కాలికో చేతికో ఎక్కుతుంది కాబట్టి. కానీ తిమ్మిరి అనగానే చీమలు పాకినట్టుండే జివజివ కూడా గుర్తొస్తుంది. నా ఓటు ‘మొద్దుబారడా’నికే. పన్ను పోటుకు లవంగం నొక్కిపెట్టుకున్నవాళ్లు ‘నాలుక మొద్దుబారింది’ అని ఎప్పటినుంచో అంటున్నారు. అయితే మొద్దుబారేది చిగురు, మొద్దుబార్చేది జెల్. కాబట్టి ‘మొద్దుబార్చే జెల్’ అనాలి. ‘చిగురు మొద్దుబారే మందు’ అన్నా తప్పు లేదు, ‘నిద్ర పట్టే మాత్ర’ అనడం లేదా?

‘స్పర్శనాశక లేపనం’ మాత్రం వద్దు. నాశనం అంటే తిరిగి రానిది. ఇక్కడ కాసేపటికి అంతా మామూలవుతుంది. పైగా జెల్, ఇంజెక్షన్ తర్వాత కూడా నొక్కుతున్న సంగతి తెలుస్తూనే ఉంటుంది, నొప్పే తెలియదు. జనం నోట ఉన్న మాటకు రాతలో చోటివ్వాలని పోరాడిన గిడుగు రామమూర్తి గారు మీ శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలోనే పుట్టారు. ఆ గడ్డ మీద రోగికి అర్థం కాని మాట చెల్లకూడదని నా గట్టి అభిప్రాయం.

‘మత్తు ఇంజెక్షన్’ అని ఇప్పటికే అందరూ అంటున్నారు, దాన్ని తప్పని కొట్టేయలేం. అలా అన్నప్పుడు చోటు కూడా చెప్పాలి: ‘ఈ చిగురు వరకే మత్తు, మీరు మెలకువగానే ఉంటారమ్మా’ అని.

ఇక క్రియ సంగతి. ఒంటికి మందు రాస్తాం, గోడకు సున్నం పూస్తాం. దూదితో కొంచెం తీసుకుని ఒకచోట పెట్టడాన్ని అద్దడం అంటాం. జెల్‌ను ‘రాస్తాను’ అన్నా సరే, ‘అద్దుతాను’ అంటే ఇంకా బాగుంటుంది.