ట్యాంకు ఫుల్‌గా ఉంటే ఎగురుతుంది, సగమైతే పల్టీ కొడుతుంది!

ప్రశ్న: కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ అనే కంప్యూటర్ గేమ్‌లో (రాకెట్లు, విమానాలు మనమే కట్టి నడిపే ఆట) వెనక రెండు జెట్ ఇంజన్లు పెట్టి విమానం కట్టాను. టేకాఫ్ బ్రహ్మాండంగా అవుతుంది, కాసేపు హాయిగా ఎగురుతుంది కూడా. ఆ తర్వాత ముక్కు కాస్త పైకెత్తితే చాలు, తోక ముందుకొచ్చేసి గిరగిరా తిరుగుతూ పడిపోతుంది. రెక్కలు పెంచాను, విమానాన్ని నిలకడగా పట్టి ఉంచే ఎస్ఏఎస్ ఆన్‌లోనే ఉంది, అయినా ఇదే తంతు. విమానం కట్టే చోటు, అంటే హ్యాంగర్‌లో బ్యాలెన్స్ సరిగ్గానే చూపిస్తోంది. లోపం ఎక్కడ?

హ్యాంగర్‌లో సరిగ్గానే చూపిస్తోంది అన్నారు చూశారా, తిరకాసంతా అక్కడే ఉంది. హ్యాంగర్ మీకు చూపించేది ట్యాంకులు నిండుగా ఉన్న విమానాన్ని. కాసేపయ్యాక మీ చేతిలో ఉండేది ఇంధనం కరిగిపోయిన విమానం, దాని బరువు ఇంకో చోట ఉంటుంది.

హ్యాంగర్‌లో కింద ఎడమవైపు బటన్లు నొక్కితే వచ్చే బంతులు మీకు తెలిసినవే. పసుపు నలుపు బంతి సెంటర్ ఆఫ్ మాస్, అంటే బరువంతా కలిసి పనిచేసే చోటు. నీలం బంతి రెక్కల లిఫ్ట్, అంటే విమానాన్ని పైకెత్తే బలం పనిచేసే చోటు. నీలం బంతి ఎప్పుడూ పసుపు బంతికి కొంచెం వెనక ఉండాలి. అలా ఉంటే ముక్కు పైకి లేచినప్పుడు పెరిగిన లిఫ్ట్ తోకను పైకి తోస్తుంది, దాంతో ముక్కు దానంతటదే కిందికి దిగుతుంది. ఇది తారుమారై నీలం బంతి ముందుకొచ్చిందా, ముక్కు ఒక్క డిగ్రీ లేస్తే అదే లిఫ్ట్ ఇంకో పది డిగ్రీలు లేపుతుంది, ఇక దాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు.

మీరు చెప్పినలాంటి విమానాన్నే ఒకటి ఊహించుకుని లెక్కేసి చూద్దాం. సులువుగా ఉండటానికి రెక్కల బరువు వదిలేస్తున్నాను, దూరాలు ఉజ్జాయింపుగా వేస్తున్నాను. ముక్కు నుంచి 1 మీటరు దగ్గర ఎంకే1 కాక్‌పిట్, సుమారు 1.25 టన్నులు. 4 మీటర్ల దగ్గర రెండు ఎంకే1 లిక్విడ్ ఫ్యూయల్ ట్యాంకులు, నిండుగా ఉంటే ఒక్కోటి 2.25 టన్నులు, ఖాళీ అయితే పావు టన్ను. 7 మీటర్ల దగ్గర రెండు వీస్లీ ఇంజన్లు, ఒక్కోటి 1.5 టన్నులు. ప్రతి భాగం బరువునీ దాని దూరంతో గుణించి, అన్నీ కూడి, మొత్తం బరువుతో భాగిస్తే పసుపు బంతి ఎక్కడుందో తెలుస్తుంది. ట్యాంకులు నిండుగా ఉన్నప్పుడు 40.25ని 8.75తో భాగించాలి, 4.6 మీటర్లు వస్తుంది. ఖాళీ అయ్యాక 24.25ని 4.75తో భాగిస్తే 5.1 మీటర్లు. అంటే అర మీటరు వెనక్కి జరిగింది! నీలం బంతి 4.8 దగ్గర ఉందనుకోండి, హ్యాంగర్‌లో అది 20 సెంటీమీటర్లు వెనక ఉండి చక్కగా కనిపిస్తుంది, ఇంధనం అయిపోవచ్చేసరికి 30 సెంటీమీటర్లు ముందుకొచ్చేసి ఉంటుంది. మీ విమానం గిరగిరా తిరగడానికి కారణం ఇదే.

కాబట్టి లాంచ్ నొక్కే ముందు ట్యాంకు మీద రైట్ క్లిక్ చేసి ఇంధనం స్లైడర్‌ను సున్నాకి లాగండి, అన్ని ట్యాంకులకీ. బంతి ఎటు నడుస్తుందో మీ కళ్లతోనే చూడండి. ఫుల్‌గా ఉన్నప్పుడూ ఖాళీగా ఉన్నప్పుడూ కూడా పసుపు బంతి నీలం బంతికి ముందే ఉంటే విమానం బాగున్నట్టు. ఆ తర్వాత స్లైడర్లు మళ్లీ నింపడం మర్చిపోకండి. నవ్వకండి, చాలామంది మర్చిపోతారు.

ఇంకో అనుమానం. మీరు వాడింది రాకెట్ల ట్యాంకు కాదు కదా? ఎఫ్ఎల్-టీ400లో 180 యూనిట్ల లిక్విడ్ ఫ్యూయల్‌తో పాటు 220 యూనిట్ల ఆక్సిడైజర్ (గాలి లేనిచోట ఇంధనం మండటానికి కావలసింది) కూడా ఉంటుంది. యూనిట్ 5 కిలోలు, అంటే 1.1 టన్నులు. జెట్ ఇంజన్ గాలి పీల్చుకుంటుంది కాబట్టి ఆక్సిడైజర్ జోలికి వెళ్లదు. ఆ టన్ను పైచిలుకు బరువు టేకాఫ్ నుంచి ల్యాండింగ్ దాకా ఊరికే కూర్చుని ఉంటుంది, పైగా ట్యాంకు వెనకవైపు ఉంటే పసుపు బంతిని అటే లాగుతుంది. ఆ స్లైడర్ సున్నా చేసేయండి.

ఇక రిపేరు. నా ఓటు ఇంజన్లను కదపడానికే. తోక చివర్నుంచి తీసి రెక్కల కింద పెట్టండి. అప్పుడు పెద్ద బరువు మధ్యకి వస్తుంది, ఇంధనం ఉన్నా లేకపోయినా బంతి పెద్దగా కదలదు. అది కుదరకపోతే రెక్కలను వెనక్కి జరపండి, కీబోర్డ్‌లో 2 నొక్కితే ఆఫ్‌సెట్ టూల్ వస్తుంది, సెంటీమీటర్ల లెక్కన జరుపుకోవచ్చు. మీరు రెక్కలు పెంచితే ఫలితం లేకపోవడానికి కారణం కూడా ఇదే అయ్యుంటుంది: కొత్త రెక్క పసుపు బంతికి ముందువైపు పెట్టి ఉంటే నీలం బంతి ఇంకా ముందుకొచ్చి సమస్య ముదురుతుంది. ముక్కులో ఉత్తి బరువు పెట్టడం చివరి ఉపాయం, పనిచేస్తుంది కానీ ఆ బరువు మోయడానికి మళ్లీ ఇంధనం కావాలి. ఎస్ఏఎస్‌ను మాత్రం నమ్ముకోకండి. అది రోగాన్ని దాచిపెడుతుంది, ఎలివేటర్లు (ముక్కును పైకీ కిందికీ తిప్పే పలకలు) తిరగగలిగినంత తిరిగేదాకా విమానాన్ని పట్టుకుని, ఆపైన ఒక్కసారిగా వదిలేస్తుంది.

గాల్లో ఉండగా మొదలైతే ఒక మార్గం ఉంది. వెనక ట్యాంకు మీద రైట్ క్లిక్, ముందు ట్యాంకు మీద ఆల్ట్ పట్టుకుని రైట్ క్లిక్ చేసి, మిగిలిన ఇంధనాన్ని ముందుకు పంపండి. కెరీర్ మోడ్‌లో అయితే రీసెర్చ్ భవనాన్ని అప్‌గ్రేడ్ చేస్తేనే ఈ సదుపాయం వస్తుంది. ఇదేదో గేమ్ వాళ్ల కల్పన కాదండోయ్, కాంకార్డ్ విమానం నిజంగానే ఇలా ఎగిరేది. శబ్ద వేగం దాటేటప్పుడు లిఫ్ట్ వెనక్కి జరుగుతుంది కాబట్టి ఇంధనాన్ని తోకలో ఉన్న ట్యాంకుకి పంపు చేసేవారు, వేగం తగ్గేటప్పుడు మళ్లీ ముందుకు తెచ్చేవారు.

రిపేరు చేశాక చక్రాలు కూడా చూసుకోండి. వెనక చక్రాలు పసుపు బంతికి కొంచెమే వెనక ఉండాలి. మరీ వెనక పెడితే ముక్కు లేవక రన్‌వే చివరిదాకా వెళ్లి సముద్రంలో పడతారు. బంతికి ముందు పెడితే, ఇరుసు వెనకే బస్తాలన్నీ వేసిన ఎడ్లబండి కాడి గాల్లోకి లేచినట్టు విమానం తోక మీద కూర్చుంటుంది.

ప్రశ్న: అదే గేమ్‌లో మన్ (ఆ గేమ్‌లోని చందమామ) మీద రోవర్, అంటే చక్రాల బండి నడుపుతున్నాను. గేమ్‌లో మన భూమి లాంటి గ్రహం కెర్బిన్ మీద టెస్ట్ చేస్తే బాగానే ఉంది. అక్కడ మాత్రం డబ్ల్యూ నొక్కగానే ముందుకు బోర్లా పడుతోంది. బరువు ఇంకా పెంచాలా?

వద్దు. ముందు డబ్ల్యూ కీ సంగతి చూడండి. అది చక్రాలను తిప్పుతుంది, దాంతో పాటు ముక్కు కిందికి దించమని కమాండ్ పాడ్‌లోని (బండిని నడిపే క్యాబిన్‌లోని) రియాక్షన్ వీల్‌కి, అంటే బండిని అటూ ఇటూ తిప్పే పరికరానికి కూడా చెబుతుంది. కెర్బిన్ మీద గురుత్వం రోవర్‌ను నేలకు అదిమి పట్టి ఉంచుతుంది కాబట్టి తేడా తెలియదు. మన్ మీద గురుత్వం అందులో ఆరో వంతే, రియాక్షన్ వీల్ బలం మాత్రం అంతే ఉంటుంది, అందుకని మీ రోవర్‌ను మీరే ఎత్తి పడేస్తున్నారు! పాడ్ మీద రైట్ క్లిక్ చేసి రియాక్షన్ వీల్‌ను ఎస్ఏఎస్ ఓన్లీ మోడ్‌లో పెట్టండి. కీ నొక్కితే స్పందించదు, గుంత దాటి గాల్లోకి ఎగిరినప్పుడు మాత్రం రోవర్‌ను నిలబెడుతుంది.

బ్రేక్ వేసినప్పుడు పడుతుంటే ముందు చక్రాల బ్రేక్ తగ్గించండి, వెనకవి ఉంచండి. ఇక రోవర్ కట్టేటప్పుడు ఎదురుగా నిలబడి చూస్తే పసుపు బంతి ఎత్తు, రెండు చక్రాల మధ్య దూరంలో సగం కన్నా బాగా తక్కువ ఉండాలి. లేకపోతే బరువైన సామాను అడుగుకి దించండి, చక్రాలను పక్కలకు జరపండి.

ప్రశ్న: మా అబ్బాయి ఈ గేమ్ కొనమంటున్నాడు. మొదటిదా, రెండోదా? మా ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డ్ అంతంతమాత్రం.

మొదటిదే, ఇందులో ఆలోచించడానికేం లేదు. రెండోది 2023 ఫిబ్రవరిలో ఎర్లీ యాక్సెస్‌లో (పూర్తికాకముందే అమ్మకానికి) వచ్చింది, 2024లో దాన్ని తయారుచేస్తున్న స్టూడియో మూతపడింది, గేమ్ సగంలోనే ఆగిపోయింది. పాతదానికి గ్రాఫిక్స్ కార్డ్ కన్నా ప్రాసెసర్ ముఖ్యం, ఎందుకంటే రాకెట్‌లోని ప్రతి ముక్క మీదా పడే బలాలను అది లెక్కేస్తూ ఉంటుంది. వందల ముక్కలతో రాకెట్ కడితే మంచి ల్యాప్‌టాప్ కూడా నత్తనడక నడుస్తుంది, మీవాడు చిన్నవాటితో మొదలుపెడితే ఉన్న ల్యాప్‌టాప్ సరిపోతుంది. స్టీమ్‌లో డిస్కౌంట్లు తరచూ వస్తుంటాయి, విష్‌లిస్ట్‌లో పెట్టుకుని అప్పుడు కొనండి.