బరువులెత్తి నడుము దెబ్బతింటే పరిహారం వస్తుందా?

ప్రశ్న: ఫ్యాక్టరీ ప్యాకింగ్ విభాగంలో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. రోజంతా పెట్టెలు ఎత్తి పేర్చడమే పని. ఏడాదిగా నడుమునొప్పి ఉంది. పోయిన నెల పెట్టె ఎత్తుతుండగా నడుము పట్టేసి కూలబడ్డాను. డిస్క్ జారిందన్నారు. వయసు వల్ల వచ్చింది, మాకు సంబంధం లేదంటోంది యాజమాన్యం. నాకు ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) ఉంది. పరిహారం వస్తుందా?

జవాబు: మీ కేసుకు ప్రాణం 'పెట్టె ఎత్తుతుండగా' అన్న మాటలోనే ఉంది. వృత్తి వ్యాధుల (పని వల్ల వచ్చేవిగా చట్టం ముందే గుర్తించిన జబ్బుల) జాబితాలో సీసం విషం, రాతిధూళి వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు, మోత వల్ల వచ్చే చెవుడు ఉన్నాయి. నడుమునొప్పి లేదు. జాబితాలో లేని జబ్బుకు పరిహారం రావాలంటే, అది పనిలో జరిగిన ఫలానా ప్రమాదం నేరుగా తెచ్చిపెట్టినదై ఉండాలి. 1923 నాటి పరిహార చట్టంలోని ఈ నియమం 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి (కోడ్)లోనూ కొనసాగుతోంది. ఏళ్ల తరబడి అరిగిపోయే కీళ్ల విషయంలో ఇది అన్యాయమే. అయినా ప్రస్తుతం మనం పోరాడవలసింది ఈ నియమంతోనే.

కాబట్టి ముందు మీ ఓపీ చీటీ తీసి చూడండి. అందులో 'నడుమునొప్పి' అని మాత్రమే ఉంటే అది మామూలు జబ్బు కిందికి పోతుంది. ఏ తేదీన, ఏ షిఫ్టులో, ఏం ఎత్తుతుండగా జరిగిందో డాక్టరుకు చెప్పి రాయించుకోండి. అదే వివరాలతో యాజమాన్యానికి రిజిస్టర్డ్ పోస్టులో లేఖ పంపండి. ప్రమాదాల రిజిస్టరులో నమోదు చేయమని కోరండి. పక్కన ఉన్న తోటి కార్మికుడి పేరు కూడా రాయండి. జరగనిది ఒక్క ముక్క కూడా కలపవద్దు, ఎదురు ప్రశ్నల్లో అదే మిమ్మల్ని ముంచుతుంది. పాత నొప్పి ఉన్న సంగతీ దాచవద్దు. ఉన్న జబ్బును పని శ్రమ ముదిరేలా చేసిందని రుజువైతే కోర్టులు దాన్ని ఉద్యోగ సంబంధమైనదిగానే పరిగణించిన సందర్భాలున్నాయి. ఆ సంబంధాన్ని రుజువు చేసే భారం మాత్రం మీదే.

ఈఎస్ఐ ఉన్నందున యజమాని మీద విడిగా పరిహారం అడగలేరు. ఉద్యోగ గాయమని ఒప్పుకుంటే పనిచేయలేని కాలానికి వేతనంలో 90 శాతం వస్తుంది. శాశ్వత లోపం మిగిలితే మెడికల్ బోర్డు తేల్చిన శాతాన్ని బట్టి నెలనెలా చెల్లిస్తారు. ఒప్పుకోకపోతే ఉద్యోగుల బీమా కోర్టుకు వెళ్లవచ్చు. ఈలోగా చేతులు ముడుచుకుని కూర్చోనక్కరలేదు. అనారోగ్య భృతి ఏడాదికి 91 రోజులు, వేతనంలో 70 శాతం. డిస్క్ జారడం దీర్ఘకాల భృతి జాబితాలో ఉంది కనుక, సర్వీసు, చందా షరతులు కుదిరితే 80 శాతం చొప్పున రెండేళ్ల వరకు రావచ్చు. చాలామంది ఇది తెలియకే సెలవులు అయిపోగానే నొప్పితో పనిలోకి వెళ్లిపోతున్నారు.

(నెల వేతనం 21,000 రూపాయలు దాటి ఈఎస్ఐలో లేని వారి దారి వేరు. వారు పరిహారం కోసం రెండేళ్లలోపు సంబంధిత అధికారి ముందు దరఖాస్తు వేయాలి.)

ఇక ఉద్యోగం సంగతి. ఎవరు ఎంత ఒత్తిడి చేసినా రాజీనామా మీద సంతకం పెట్టకండి. ఎడతెగని అనారోగ్యం కారణంగా తొలగిస్తే చట్టం దాన్ని రిట్రెంచ్‌మెంటు (సిబ్బంది తగ్గింపు)గా లెక్కించదు, దానికిచ్చే పరిహారం దక్కదు. అందుకే సెలవులో ఉన్న ప్రతి రోజుకూ ఈఎస్ఐ డాక్టరు సర్టిఫికెట్ ఉండేలా చూసుకోండి. తిరిగి చేరేటప్పుడు ఎత్తుడు లేని పని ఇవ్వాలని డాక్టరు చేతనే రాయించి, దాని నకలు మీ దగ్గర ఉంచుకోండి.