అమ్మ గదికి కార్క్ వేయించండి, ఇల్లంతా వద్దు

ప్రశ్న: హైదరాబాద్‌లో మూడో అంతస్తు ఫ్లాట్ మాది. గదులన్నీ కలిపి 1,100 చదరపు అడుగులు. టైల్స్ మీద నడిస్తే అమ్మకు మోకాళ్ల నొప్పులు ఎక్కువవుతున్నాయి. సీసా బిరడాల సరుకైన కార్క్‌తో చేసే ఫ్లోరింగ్ మెత్తగా ఉంటుందని విని ధర అడిగితే, కూలీతో కలిపి అడుగుకు 380 రూపాయల చొప్పున 4.18 లక్షలు అన్నారు. గృహరుణం మీద టాప్‌అప్ (అదనపు అప్పు) 9 శాతం వడ్డీకి 15 ఏళ్లకు ఇస్తామని బ్యాంకు అంటోంది. నెలకు 4,240 రూపాయలే. 5 లక్షల ఎఫ్‌డీ ఉంది, ఇంటి ఖర్చు నెలకు 70 వేలు. అప్పు చేయనా, ఎఫ్‌డీ తీయనా?

జవాబు: రెండూ వద్దు. మీ ఉత్తరంలో నన్ను ఆపింది ‘4,240 రూపాయలే’ అన్న మాట. ఆ వాయిదా 180 నెలలు కడితే 7.63 లక్షలు అవుతుంది. అంటే నేల ఖరీదు 4.18 లక్షలు, దాని మీద వడ్డీ మరో 3.45 లక్షలు. అదే అప్పు అదే వడ్డీకి మూడేళ్లలో తీర్చేస్తే వడ్డీ సుమారు 60 వేలతో పోతుంది, కానీ వాయిదా 13,300 దాకా ఉంటుంది. ఆ అంకె చూశాక ఇల్లంతా వేయించాలన్న ఉత్సాహం ఎంత మిగులుతుందో మీరే చూసుకోండి. ఎఫ్‌డీ సంగతికొస్తే, మీ ఇంటికి అది ఏడు నెలల ఖర్చు. ఉద్యోగం పోయినా, ఆసుపత్రి ఖర్చు పడినా ఆదుకునేది అదొక్కటే. దాన్ని నేల మీద పరచకండి.

టాప్‌అప్ వడ్డీకి పన్ను మినహాయింపు వస్తుందని ఎవరైనా ఊరిస్తే నమ్మి ముందుకు వెళ్లకండి. కొత్త పన్ను విధానంలో ఉంటే, సొంతంగా నివసించే ఇంటి రుణ వడ్డీకి మినహాయింపే లేదు. పాత విధానంలోనూ మరమ్మతుల కోసం చేసిన అప్పుకు ఏడాదికి 30 వేలే పరిమితి. అదీ మొత్తం 2 లక్షల పరిమితిలో భాగమే. గృహరుణ వడ్డీతోనే ఆ 2 లక్షలు నిండిపోతే దీనికి దక్కేది సున్నా. ఫ్లాట్ అమ్మేటప్పుడు ధర పెరుగుతుందన్న ఆశ కూడా పెట్టుకోవద్దు. మన దగ్గర కొనేవాళ్లు వాస్తు, పార్కింగ్, మంజీరా నీళ్ల గురించి అడుగుతారు. కార్క్ ఉందని అడుగుకు పది రూపాయలు ఎక్కువ ఇచ్చేవాళ్లను నేను చూడలేదు.

ఇక సరుకు సంగతి. కార్క్ అంటే ఒక రకం ఓక్ చెట్టు బెరడు. ప్రపంచంలో సగం దాకా పోర్చుగల్ నుంచే వస్తుంది. చెట్టు పాతికేళ్లు పెరిగాక మొదటిసారి బెరడు తీస్తారు, తర్వాత తొమ్మిదేళ్లకోసారి. చెట్టును నరకరు. సీసా బిరడాలు కోయగా మిగిలిన ముక్కలను పొడి చేసి, అదిమి, నేలకు పలకలుగా చేస్తారు. లోపలి గాలి గదుల వల్ల పాదానికి మెత్తగా ఉంటుంది, అడుగుల చప్పుడు తగ్గుతుంది. అదే కారణంగా చల్లగా తగలదు. చలికాలంలో హాయే కానీ, ఏప్రిల్, మే నెలల్లో తాండూరు బండ మీద మధ్యాహ్నం చాప వేసుకుని పడుకునే సుఖం దీని మీద దొరకదు.

మన ఇళ్లలో దీనికి అసలు శత్రువు బకెట్టు నీళ్లు. ఒకదానికొకటి కొక్కేల్లా బిగించే పలకల్లో చాలావాటికి నడుమ చెక్కపొడితో అదిమిన అట్ట ఉంటుంది. ఫినాయిల్ నీళ్లు పారబోసి తుడిస్తే అంచులు ఉబ్బుతాయి. గట్టిగా పిండిన గుడ్డతోనే తుడవాలి. పని మనిషి చేత రోజూ అలా చేయించగలనన్న ధీమా మీకుందా? నేరుగా ఎండ పడే కిటికీ దగ్గర రంగు వెలుస్తుంది, బీరువా కాళ్ల కింద గుంట పడుతుంది. హాలు, వంటగది, బాల్కనీ వైపు గది ఈ లెక్కలోనే తీసేయండి.

అమ్మ గది 130 అడుగులు అనుకుందాం. మీకు చెప్పిన ధరకే 49,400 అవుతుంది. చిన్న పని కాబట్టి రేటు పెంచుతారు, 60 వేలు పెట్టుకోండి. నెలకు 12 వేల చొప్పున ఐదు నెలలు పక్కన పెడితే అప్పు లేకుండా పని అవుతుంది. ఈలోగా ఆవిడ చేత ఇంట్లోకి వేరుగా మెత్తటి చెప్పుల జత వేయించి చూడండి. ఇంట్లో చెప్పులేమిటని మొదట గొణుగుతారు. వాటితోనే నొప్పి తగ్గితే మీ 60 వేలూ మిగులుతాయి. స్నానాల గదిలో పట్టుకునే కమ్మీలు, జారని టైల్స్ లేకపోతే మాత్రం ముందు వాటికే ఖర్చు పెట్టండి. మోకాళ్లు బలహీనపడిన వయసులో అక్కడ జారిపడటం కార్క్ లేకపోవడం కంటే ప్రమాదం.

వేయించాలనే నిశ్చయించుకుంటే, బేరానికి ముందు నాలుగు అడుగుల నమూనా పరిపించి అమ్మను వట్టి కాళ్లతో నడవమనండి. మందం కొద్దీ మెత్తదనం మారుతుంది. పాత టైల్స్ ఎత్తుపల్లాలు సరిచేయడం, తలుపుల అడుగు కోయడం, గోడ పట్టీ ఆ 380లో ఉన్నాయో లేదో కాగితం మీద రాయించుకోండి. అదే రంగు తర్వాత దొరకకపోవచ్చు కాబట్టి ఒక పెట్టె అదనంగా కొని అటక మీద పెట్టండి. డబ్బులో నాలుగో వంతు పని పూర్తయి, తలుపు రాసుకోకుండా మూసుకున్నాక ఇవ్వండి.