పూల బేరం తెలుగులో సాగిన రోజు

"మా నాన్నగారికి 71 ఏళ్లు. ఎంసీఐ అన్నారు, మామూలు మరుపుకూ డిమెన్షియాకూ మధ్య దశట. మెదడులోని నెట్‌వర్కులు మారిపోతాయని చదివాను. ఏ స్కాన్‌లో తెలుస్తుంది?" అని కదా మీ ప్రశ్న. స్కాన్ సంగతి తరువాత. ముందు మా అమ్మ పూలు కొన్న సంగతి చెప్పాలి.

అమ్మది మదనపల్లె దగ్గర పల్లెటూరు. పెళ్లయి బెంగళూరు వచ్చి నలభై ఆరేళ్లు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, పక్కింటివాళ్లతో తమిళం. ఏ గడప తొక్కితే ఆ భాష నాలుక మీదికి దానంతట అదే వచ్చేది. మూడేళ్ల కిందట వరలక్ష్మీ వ్రతం ముందు రోజు మల్లేశ్వరం ఎనిమిదో క్రాసుకు వెళ్లాము. కాలు పెట్టడానికి చోటు లేదు. ఎప్పుడూ కొనే పూలావిడ దగ్గర ఆగి "మొళ ఎష్టమ్మా" అనవలసిన మనిషి "మూర ఎంతమ్మా" అంది. ఇవాళ తెలుగేమిటని ఆవిడ నవ్వుతూ కన్నడంలో అడిగింది. అమ్మకు అర్థమైంది, కానీ జవాబు మళ్లీ తెలుగులోనే. కనకాంబరాలు వాడిపోయాయంది, ధర తగ్గించమంది, గడుసుతనం ఏమీ తగ్గలేదు. నేనూ నవ్వాను. ఆటో ఎక్కాక నా వైపు తిరిగి "మనెగె హోగోణ" అంది, ఇంటికి పోదామని. నాకు ఊహ తెలిశాక అమ్మ నాతో కన్నడం మాట్లాడింది అదే మొదటిసారి. ఆ తరువాత దారంతా నేను మాట్లాడలేదు.

నెట్‌వర్కుల గొడవ నాకు ఆ ఆటోలోనే అర్థమైంది. తరువాత చదివినదంతా దానికి వ్యాఖ్యానమే. రెండు భాషల మాటలూ భద్రంగానే ఉన్నాయి, ఎక్కడ ఏది బయటికి తీయాలో చూసుకునే కాపలాదారే కునుకు తీశాడు. మనం ఊరికే కూర్చుని పాత సంగతులు నెమరేసుకునేటప్పుడు మెదడులో కొన్ని భాగాలు ఒక గుంపుగా, అంటే ఒక నెట్‌వర్కుగా, కలిసి పనిచేస్తాయి. 2001లో అమెరికా మెదడు శాస్త్రవేత్త మార్కస్ రైక్లీ బృందం దానికి డిఫాల్ట్ మోడ్ అని పేరు పెట్టింది. బయట పని పడగానే ఆ గుంపు జోరు తగ్గాలి, నుదుటి వెనక భాగాలూ నడినెత్తి కింది భాగాలూ పగ్గాలు అందుకోవాలి. ఎంసీఐలో తరచుగా ఈ చేతులు మారడమే మందగిస్తుంది. జ్ఞాపకాలు పోగుచేసే హిప్పోక్యాంపస్‌కూ ఆ గుంపుకూ మధ్య పొత్తు సడలుతుంది. విచిత్రమేమిటంటే, తొలిదశలో కొందరి హిప్పోక్యాంపస్ మామూలుకంటే ఎక్కువ కష్టపడుతూ కనిపిస్తుంది.

అయితే ఇవన్నీ చాలామందిని పోల్చి సగటు తీసిన మాటలు. మీ నాన్నగారి ఒక్కరి తలలో ఏ తీగ ఎంత సడలిందో చెప్పే చీటీ ఏ స్కానూ ఇవ్వదు. డాక్టరు ఎంఆర్ఐ రాస్తే అది హిప్పోక్యాంపస్ కుంచించుకుపోయిందా, రక్తనాళాలు ఎక్కడైనా దెబ్బతిన్నాయా అని చూడటానికి. ముందు బి12, థైరాయిడ్ పరీక్షలు చేయించండి, వినికిడి చూపించండి.

పరీక్షలంటే గుర్తొచ్చింది. జ్ఞాపకశక్తినీ ఆలోచననూ చూసే మోకా అని 30 మార్కుల పరీక్ష ఒకటుంది. దానికి తెలుగు ప్రతి ఉన్నా, మేము వెళ్లిన చోట ఇంగ్లీషు కాగితం పట్టుకుని అప్పటికప్పుడు కన్నడంలోకి మార్చి అడిగారు. 'ఎఫ్'తో మొదలయ్యే మాటలు చెప్పాలట, ఏడో తరగతి వరకు తెలుగులో చదివిన మా అమ్మ! ఘనం బొమ్మ గీయమంటే "ముగ్గు వేయమంటే వేస్తాను" అంది. నూరులోంచి ఏడేసి తీసివేయమంటే మాత్రం 93, 86, 79 అంటూ, అడిగినావిడ కాగితం చూసుకునేలోపే ముగించింది. ఇరవై ఏళ్లు చీటీలు నడిపిన మనిషి మరి.

అసలు నేను చెప్పదలచుకున్నది ఇది. అమ్మకు జబ్బు తెచ్చింది వయసు, ముదరబెట్టింది మేము. జాగ్రత్త పేరుతో ఊరి చివర వైట్‌ఫీల్డ్‌లో పదకొండో అంతస్తుకు తెచ్చి పెట్టాము. కూరగాయలు ఫోనులో నొక్కితే వస్తాయి, పూలు పొట్లంలో వస్తాయి. ఆమె కన్నడం ఎవరితో మాట్లాడాలి, తలుపుతోనా? మా చెల్లెలు చందా కట్టి మెదడుకు మేత అంటూ ఏవో ఆటలు పెట్టించింది, అమ్మ వాటిని చూసి ఆవులించేది. నరాల వైద్యురాలు సువర్ణ అల్లాడి బృందం హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు చూసి 2013లో ప్రచురించింది. ఒకటికంటే ఎక్కువ భాషలు మాట్లాడేవారికి జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది, చదువు రానివారిలో కూడా. దీనికి ఎదురు చెప్పే పరిశోధనలూ ఉన్నాయి, నాకు వాటి మీద గురి లేదు. వాడుక తప్పినందువల్లే అమ్మ దిగజారిందని నేనంటే డాక్టరు ఔననలేదు, కాదనలేదు. నేను మాత్రం ఒట్టేసి చెబుతాను.

అందుకే ఇప్పుడు ప్రతి గురువారం మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో మారి మల్లేశ్వరం వెళుతున్నాము. సంపిగె రోడ్డు స్టేషన్ మెట్లు దిగుతూ అమ్మ "మొళ, మొళ" అని గొణుక్కుంటుంది. చిక్కల్లా ఒక్కటే. ఈ మధ్య ఆ పూలావిడే ఎదురొచ్చి, "రండమ్మా, మూర యాభై" అని వచ్చీరాని తెలుగులో పలకరిస్తోంది.