ఉత్తేజపరిచే మందు కణాలను ఆపుతుందా?

ప్రశ్న: మెదడు, వెన్నుపాముల్లోని నాడుల పొరను రోగనిరోధక కణాలే దెబ్బతీసే మల్టిపుల్ స్క్లీరోసిస్‌కు మా అక్కయ్య ఫింగోలిమోడ్ మాత్రలు వాడుతోంది. ఇది లింఫోసైట్లు అనే తెల్లరక్త కణాల మీది ఒక గ్రాహకాన్ని ఉత్తేజపరుస్తుందని, దానివల్ల ఆ కణాలు లింఫ్ గ్రంథుల్లోనే ఆగిపోతాయని చదివాను. ఉత్తేజపరిస్తే ఆగడమేమిటి? మొదటి మాత్ర ఇచ్చిన రోజున ఆరు గంటలపాటు ఆసుపత్రిలో ఎందుకు ఉంచారు?
— ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మీరు చదివిన రెండు మాటలూ నిజమే. ఆ గ్రాహకం పేరు ఎస్1పి1. స్ఫింగోసిన్-1-ఫాస్ఫేట్ అనే కొవ్వు జాతి అణువు తగిలినపుడు అది కణంలోకి సంకేతం పంపుతుంది. ఈ అణువు రక్తంలోనూ లింఫ్ ద్రవంలోనూ ఎక్కువగా ఉంటుంది. గ్రంథి లోపల మాత్రం లయేజ్ అనే ఎంజైము దాన్ని ఎప్పటికప్పుడు విడగొడుతూ ఉండటం వల్ల చాలా తక్కువగా ఉంటుంది. గ్రంథిలోని లింఫోసైటు బయటికి దారి పట్టేది ఈ తేడాను పసిగట్టే.

అయితే సంకేతం అందుకున్న గ్రాహకాన్ని కణం ఉపరితలం మీద అలాగే ఉండనివ్వదు. జీఆర్‌కే2 అనే ఎంజైము దాని తోకకు ఫాస్ఫేట్ తగిలిస్తుంది. బీటా-అరెస్టిన్ అనే ప్రోటీను అతుక్కుని, సంకేతాన్ని ముందుకు చేరవేసే లోపలి జీ-ప్రోటీనుతో దానికున్న సంబంధాన్ని తెంచుతుంది. ఆ తరువాత కణత్వచం లోపలికి ముడుచుకుని గ్రాహకాన్ని చిన్న సంచిలో లాగేసుకుంటుంది. వంటింట్లో ఉన్నవారికి కాసేపటికి తెలియకుండా పోయే తాలింపు ఘాటు వీధిలోంచి వచ్చినవారికి తగిలినట్లే, రక్తంలో తిరిగే లింఫోసైటుకు దాదాపు తెలియని ఈ అణువు, గ్రంథిలో కొంతకాలం గడిపి గ్రాహకాలను మళ్లీ పైకి తెచ్చుకున్న కణానికి స్పష్టంగా తెలుస్తుంది. ఇన్ఫెక్షన్ సమయంలో ఉత్తేజితమైన లింఫోసైటు సీడీ69 అనే ప్రోటీనును తయారుచేసుకుని, దాని సాయంతో ఎస్1పి1ను లోపలికి లాగి, తన ప్రయాణాన్ని తానే వాయిదా వేసుకుంటుంది. ఈ వ్యవస్థలో నాకు అన్నిటికన్నా ముచ్చటగొలిపేది ఇదే.

ఒక శిలీంధ్రంలో దొరికే మైరియోసిన్‌ను మార్చి జపాన్ పరిశోధకులు రూపొందించిన ఫింగోలిమోడ్‌కు అమెరికాలో 2010లో అనుమతి లభించింది. శరీరంలో ఫాస్ఫేట్ చేరాక అది సహజ అణువులాగే గ్రాహకాన్ని ఉత్తేజపరుస్తుంది. తేడా అంతా ఆ తరువాతే ఉంది. సహజ అణువు వల్ల లోపలికి వెళ్లిన గ్రాహకం తిరిగి పైకి రాగలదు. మందు వల్ల వెళ్లినదానికి విడగొట్టేయమని సూచించే యుబిక్విటిన్ అనే ప్రోటీను గుర్తులు పడి, అది విచ్ఛిన్నమైపోతుంది. గ్రాహకం లేని లింఫోసైటుకు దారి తెలియదు కాబట్టి గ్రంథిలోనే ఉండిపోతుంది, మెదడు, వెన్నుపాముల దాకా చేరే కణాలు తగ్గుతాయి. రక్తపరీక్షలో లింఫోసైట్లు బాగా తగ్గి కనిపించడం ఇందువల్లనే. అవి చచ్చిపోయాయని కాదు. కానీ ఇన్ఫెక్షన్ల విషయంలో జాగ్రత్త తప్పదు.

గుండె కణాల మీద కూడా ఈ జాతి గ్రాహకాలున్నాయి. మొదటి మాత్రతో అవి ఉత్తేజితమై గుండె వేగాన్ని తగ్గిస్తాయి. ఆరు గంటల పరిశీలన అందుకే. మాత్ర కొనసాగే కొద్దీ అక్కడి గ్రాహకాలూ స్పందన తగ్గించుకోవడంతో గుండె వేగం మళ్లీ మామూలు స్థితికి వస్తుంది. మందు ఆపితే అవి క్రమంగా కోలుకుంటాయి కనుక, తొలి నెల దాటాక 14 రోజులకు మించి మాత్రలు మానేస్తే మళ్లీ మొదటి రోజులాగే పరిశీలనలో ఉంచి ప్రారంభించాలి. అంతకన్నా ముందు, తొలి వారాల్లో, మధ్యలో మానినా వైద్యునికి చెప్పకుండా మీ అక్కయ్యగారు తిరిగి వేసుకోకూడదు.